ముత్తయ్య మాట ఎవరూ నమ్మలేదు

కామారెడ్డి కాలేజీలో నేను విషాద నాటకం పాఠం చెబుతాను. నాయకుడు గొప్పవాడై ఉండాలి, ఆ గొప్పతనంలోనే ఒక తప్పు దాగి ఉండాలి, అది తెలిసొచ్చేసరికి చెయ్యి దాటిపోవాలి. పుస్తకంలో రాజులూ కోటలూ ఉంటాయి. నా కళ్ళ ముందు మాత్రం ఎల్లారెడ్డి దగ్గరి మా ఊరి ముత్తయ్య నిలబడతాడు. పాఠం మధ్యలోనే పుస్తకం మూసేస్తాను.

ముత్తయ్య కరెంటాఫీసు ఉద్యోగి కాడు. లైన్‌మన్ వచ్చేలోగా మళ్ళు ఎండుతాయి కాబట్టి పొలాల్లో ఫ్యూజు పోయినా, తీగ తెగినా అతనే స్తంభమెక్కేవాడు. ఎక్కేముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్విచ్ దించి, దాని పిడికి తన ఎర్ర తువ్వాల కట్టేవాడు. తువ్వాల ఉందంటే ముత్తయ్య పైన ఉన్నాడని అర్థం. పిల్లాజెల్లా ఎవరూ ముట్టరు.

"నా తువ్వాల ఉండంగ యముడు గూడ స్విచ్ ముట్టడు" అని మీసం తిప్పేవాడు. మేం నవ్వేవాళ్ళం, నమ్మేవాళ్ళం కూడా. ఇంకెవరైనా స్తంభమెక్కుతానంటే మాత్రం మండిపడేవాడు.

నిరుడు యాసంగి పంటప్పుడు ఓ మధ్యాహ్నం అతను కామారెడ్డిలో పెళ్ళికి పోయినప్పుడు పొలాల్లో కరెంటు ఆగింది. బామ్మర్ది సంపత్, ఇద్దరు పిల్లల తండ్రి, బావ పని చూసి నేర్చుకున్నవాడే. అక్క భూమక్కను అడిగి బావ తువ్వాల తీసుకున్నాడు. స్విచ్ దించి, పద్ధతి ప్రకారం తువ్వాల కట్టి, మక్కజొన్న చేను అవతలి స్తంభమెక్కాడు.

బస్సు దిగి వస్తున్న ముత్తయ్యకు దించిన స్విచ్, దానికి తన తువ్వాల కనిపించాయి. తువ్వాల ఉంటే ముత్తయ్య పైన ఉండాలి. ముత్తయ్య కిందే ఉన్నాడు. "నేనీడుంటే పైనెవడుంటడు?" అనుకుని తువ్వాల ఊడదీసి స్విచ్ ఎత్తాడు. మక్క చేను అవతల అరుపు వినబడింది.

చూసినవాళ్ళెవరూ లేరు. స్విచ్ దించినా వేరే లైన్ నుంచి తీగలోకి ఎదురొచ్చే రిటర్న్ కరెంటే సంపత్‌ను చంపిందని ఊరు తేల్చేసింది. దినాల నాడు భోజనాల మధ్య ముత్తయ్య లేచి నిలబడ్డాడు.

"స్విచ్ ఎత్తింది నేనే. సంపత్‌ను నేనే సంపిన."

పక్కనున్న హనుమాండ్లు అతని భుజం పట్టి కూర్చోబెట్టాడు. "దుఃఖంల ఏందేందో అంటున్నవే అన్నా. నువ్వు గట్ల జేసెటోనివా? నువ్వుంటే వాడు బతికెటోడు."

హోటల్ దగ్గర చెప్పాడు, బస్సు కాడ చెప్పాడు. పాపం, మనసు చెదిరిందని అందరూ జాలిపడ్డారు. ఇన్నేళ్ళ జాగ్రత్తతో సంపాదించుకున్న పేరే అతని ఒప్పుకోలును చెల్లనివ్వలేదు. మా ఊరి మంచితనం మీద నాకింత కోపం ఎప్పుడూ రాలేదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అతను చెవులు మూసుకునేవాడు. ఆ అరుపు మళ్ళీ మొదలవుతుందట.

ఓ రోజు నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి భూమక్క అతనికి అన్నం పెడుతోంది. నా ముందే ఆమెతో మళ్ళీ అదే మాట చెప్పాడు. "ఊరు నమ్మకపాయె. నువ్వన్న నమ్మవే."

భూమక్క గిన్నె కింద పెట్టింది.

"నేను నమ్మిన. ఆ పొద్దే నమ్మిన" అంది. కూర వేసి లోపలికి పోయింది.

ఒక్కరు నమ్మితే చాలని ఊరంతా తిరిగిన మనిషి, ఇప్పుడు ఆమె ఇంట్లో ఉన్నంతసేపూ గోడవైపు తిరిగి కూర్చుంటున్నాడు.