తార్‌బహార్ నేలకు పది చేతులు

నన్ను బిలాస్‌పూర్ పట్టణ కమిటీకి సెక్రటరీగా వేసింది 1930ల చివర్లో, యుద్ధానికి కొంచెం ముందు. సెక్రటరీ అంటే జీతానికి పనిచేసేవాడు. అధ్యక్షుడి పక్కన కూర్చుని మినిట్స్ రాస్తాడు, నియమం ఏమిటని అడిగితే చెబుతాడు. ఓటు ఉండదు. మా నాన్నగారు చీపురుపల్లి వైపు నుంచి వచ్చి లోకో షెడ్డులో ఫిట్టరుగా చేశారు కనుక ఊరు నాకు కొత్త కాదు. కమిటీ గది మాత్రం కొత్త.

ఊరి హద్దుల్లో ఉన్న సర్కారు భూమిని అక్కడ నజూల్ అనేవారు. ఆ భూమిని దేనికి వాడాలో కమిటీ తీర్మానించేది, జిల్లా కచేరీ చాలావరకు దాన్నే ఖాయం చేసేది. కమిటీలో పదిహేను మంది సభ్యులు. పాత నియమం ప్రకారం ఐదుగురు వస్తే సభ జరపవచ్చు. వచ్చినవాళ్లలో ఎక్కువ చేతులు ఎటు లేస్తే తీర్మానం అటు. అధ్యక్షుడు మామూలుగా చెయ్యెత్తడు. రెండు పక్కలా సమానమైతేనే ఆయన ఓటు వేసేవాడు. అందువల్ల సభకు జనం తగ్గే ఎండాకాలంలో ముగ్గురు నలుగురు కలిసి ఊళ్లో ఏ నేలనైనా ఏమైనా చేయగలిగేవారు.

స్టేషను దగ్గరి తార్‌బహార్ పేట వెనక అలాంటి నేల ఒకటి ఉండేది. రిటైరైన రైల్వే ఖలాసీలు, అంటే షెడ్డు కూలీలు, దాని మీద మట్టి ఇళ్లు కట్టుకున్నారు. ఉద్యోగం అయిపోగానే క్వార్టరు ఖాళీ చేయాలి. ముప్పై ఏళ్లు అక్కడే బతికినవాళ్లకు మన తెలుగు వైపు ఊరి పేరు మిగిలింది గానీ ఇల్లు మిగల్లేదు. ఎవరికీ పట్టా లేదు. ఒక కలప కాంట్రాక్టరు ఆ నేల డిపోకి కావాలని దరఖాస్తు పెట్టాడు. స్టేషనుకు దగ్గర, బండ్లు తిరగడానికి వీలు. సభ్యుల్లో కొందరికి అది సబబుగానే తోచింది.

దరఖాస్తు సభకు రావడానికి ముందు నియమం మారింది. నజూల్ వాడకం మార్చే ఏ తీర్మానానికైనా మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతులు, అంటే పది చేతులు లేవాలి. అధ్యక్షుడికి ప్రత్యేక ఓటు తీసేసి, ఆయన్నీ మిగతావారిలో ఒకరిగానే లెక్కించారు. ప్రభుత్వ గెజిట్లో అచ్చయిన రోజు నుంచే అమలు అని అందులోనే ఉంది.

సభకు అధ్యక్షుడితో కలిసి తొమ్మిది మంది వచ్చారు. డిపోకి ఐదు చేతులు లేచాయి, మూడు వ్యతిరేకం. అధ్యక్షుడు పేరున్న వకీలు, డిపో రావాలని కోరినవారే. తీర్మానం నెగ్గిందని రాయమన్నారు. నేను లేచి నిలబడ్డాను. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ఖాయం చేసే సంతకం ఆయనదే. కొత్త నియమం ఇప్పటికే అమల్లో ఉందని, ఐదు చేతులు చాలవని హిందీలో చెప్పాను. వచ్చే నెల నుంచి కాదా అని ఆయన అడిగారు. కాదన్నాను. గెజిట్ తెప్పించుకుని రెండుసార్లు చదివారు. “అచ్ఛా. సెక్రటరీ చెప్పింది సరే. వీగిపోయింది, రాయండి,” అన్నారు. కలం పట్టుకుని వీగిపోయిందని రాశాను. ఆ సాయంత్రం చాలాకాలం తర్వాత ఆకలేసింది.

మర్నాడు తార్‌బహార్ వెళ్లి అప్పలనరసమ్మకు చెప్పాను. ఆమె భర్త మా నాన్నగారి కింద ఖలాసీగా చేసి పోయాడు. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె చేట పక్కన పెట్టి, “అయితే ఇప్పుడు మాకు పట్టా ఇచ్చేత్తారేటి?” అంది.

దానికీ పది చేతులు కావాలని చెప్పాను.

“ఆడికీ పదే, మాకూ పదేనా?”

“అవును పెద్దమ్మా. ఎవరికైనా పదే.”

“సరే బాబూ, ఆ పదిమందీ ఎక్కడెక్కడుంటారో సెప్పు. మేమెల్తాం.”

ఓట్లు అడగడం నా హోదాకు తగదు, నిషిద్ధం కూడా. సభ్యుల పేర్లు మాత్రం కమిటీ ఆఫీసు గోడ మీదే ఉండేవి. అవి చదివి చెప్పాను. ఆ చలికాలమంతా ఆడవాళ్లు జట్టుగా సభ్యుల అరుగుల దగ్గరికి తిరిగారు. సభకే రాని డాక్టరు దగ్గరికీ, ఊరవతల ఉండే భూస్వామి, మాల్‌గుజారు దగ్గరికీ నడిచి వెళ్లారు.

పట్టాల తీర్మానం వచ్చిన రోజు పదకొండు మంది హాజరయ్యారు. డాక్టరు వచ్చాడు, మాల్‌గుజారు కూడా. అనుకూలురు చేతులెత్తమన్నప్పుడు లెక్కపెట్టాను. తొమ్మిది. ఒకాయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మిగిలింది అధ్యక్షుడు. నేను మళ్లీ లెక్కపెట్టాను, పెరగలేదు. తలుపు బయట వరండాలోంచి ఆడవాళ్లు లోపలికి తొంగి చూస్తున్నారు.

అధ్యక్షుడు నా వైపు తిరిగి, తన చెయ్యి కూడా లెక్కలోకి వస్తుందా అని అడిగారు. కొత్త నియమంలో వస్తుందన్నాను. ఆయన చెయ్యెత్తారు. తరువాత నాతో అన్నారు: “ఆ ముసలమ్మ అప్పలనరసమ్మ మా అరుగు మీద కూర్చుని ఒకటే అడిగింది. ఐదు చేతులు ఇళ్లు కూల్చలేకపోయాయి సరే, ఇప్పుడు ఒప్పుకున్న తొమ్మిది చేతులు నిలబెట్టలేకపోతే ఆ నియమం ఎవరి కోసం అని. అందుకే ఎత్తాను.”

బయటికి వచ్చి చెబితే అప్పలనరసమ్మ మెట్టు మీద కూలబడింది. కళ్లు తుడుచుకుని, “పదీ లెగిసాయా? సరిగ్గా సూసేవా బాబూ?” అని రెండుసార్లు అడిగింది. చూశానన్నాను. జిల్లా కచేరీ తీర్మానాన్ని ఖాయం చేసింది, పట్టాలు వచ్చాయి. నా ఉద్యోగమూ ఖాయమైంది, అదే సంతకంతో.

ఆ తర్వాత ఇంకా చాలా కమిటీల్లో పనిచేశాను. ఓటింగు నియమం ఎక్కడ మారినా, సభకు రానివాళ్లను ఏ పక్కన లెక్కిస్తున్నారో ముందు చూసేవాణ్ణి. పాత పద్ధతిలో రానివాడి వల్ల వచ్చినవాడికి బలం. కొత్త పద్ధతిలో రానివాడు కాదన్నట్టే. ఆ తేడాను ప్రజలకు అర్థమయ్యేలా చెప్పడం సెక్రటరీ పనిలో భాగమని తార్‌బహార్‌లో నేర్చుకున్నాను.