ఇన్నయ్య ఇచ్చిన బొట్టు

రోజూ పొద్దున్నే తార్నాకలో బస్సు దిగి, క్యాంపస్‌లోని ల్యాబ్ తాళం తీయగానే ఇన్నయ్య సిలువ గుర్తు వేసుకునేవాడు. ఆ తర్వాత ఉతికి ఆరేసిన పాత పంచె ముక్కతో మైక్రోస్కోపుల అద్దాలు ఒక్కొక్కటే తుడిచేవాడు, పసిపిల్ల ముఖం తుడిచినంత మెత్తగా. ఇరవై ఎనిమిదేళ్ల అటెండరు కొలువులో ఆ పని మానింది లేదు.

నెత్తురు పరీక్షించే ప్రాక్టికల్ వచ్చిందంటే పిల్లలు సూది చూసి గోడకు అంటుకుపోయేవారు. అప్పుడు ఆయనే ఎడమచేతి వేలు పొడుచుకుని బల్లకో బొట్టు ఇచ్చేవాడు. ఇప్పుడు పాఠాలు చెప్పే శైలజ కూడా ఒకప్పుడు సూదికి కళ్లు తిరిగి పడిపోయిన పిల్లే. సోడా తాగించి, ఆమె వంతు బొట్టు ఇచ్చింది ఇన్నయ్యే.

మొన్న డిపార్ట్‌మెంటుకు కొత్త కెమెరా వచ్చింది. మర్నాటి నెత్తురు ప్రాక్టికల్‌కు ముందే చూసుకుందామని శైలజ మైక్రోస్కోపుకు కన్ను ఆనించే గొట్టం తీసి, అక్కడ కెమెరా బిగించి, తీగను కంప్యూటర్‌కు కలిపింది.

"ఇన్నయ్యన్నా, ఒక బొట్టు ఇయ్యి. నీ ఫోటో దించుదాం."

"ముఖం వద్దు గని నెత్తురు కావాల్నా? గిదేం ఫోటో బిడ్డా!"

నవ్వుతూనే వేలు పొడుచుకున్నాడు. గాజుపలక మీద బొట్టు పరిచి, రంగు వేసి, కడిగి ఇచ్చాడు.

తెర వెలిగింది. ఫోకస్ తిప్పుతున్న శైలజ చేయి ఆగిపోయింది. తెర నిండా నేరేడు పళ్లు రాలినట్టు ఊదా చుక్కలు.

"రంగు ఎక్కువసేపు ఉంచిన. తప్పు నాదే," అన్నాడు ఇన్నయ్య. గడియారం చూసుకుంటూ ఇంకో పలక చేశాడు. మళ్లీ అవే నేరేడు పళ్లు.

"కొత్త కెమెరా గదా, దానికేం ఎరుక?"

శైలజ సూది తీసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, తన వేలే పొడుచుకుంది. ఇన్నయ్య నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు.

ఆమె నెత్తురు తెర మీదికి వచ్చింది. అంతా లేత ఎరుపు బిళ్లలు. వెతికితే ఒకటో రెండో ఊదా చుక్కలు.

ఊదా రంగు పట్టేవి తెల్లకణాలనీ, అవి ఎక్కడో ఒకటి కనబడాలనీ ఇన్నేళ్లుగా విన్నవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. చేతిలోని పంచె ముక్క జారిపోయింది.

"అయ్యో దేవా! గిన్ని తెల్లకణాలు నా ఒంట్లనా? పోయినేడు మంచిగనే ఉండె గదా!"

"ఏందో డాక్టర్లే చెప్పాలె అన్నా." అంది శైలజ. "రేపు పొద్దుగాల దవాఖానకు పోదాం. నేనొస్త."

ఇన్నయ్య వంగి పంచె ముక్క అందుకుని, మరకైన బల్ల తుడిచాడు.

"నువ్వొస్తే పాఠం ఎవరు చెప్తరు? మా ఇంటామెను తోలుకపోత గని..." ఆగి, శైలజ వేలి మీద ఇంకా ఆరని చుక్క వంక చూశాడు. "ఇగ కెమెరా ఉన్నది, తెర మీద అందరికీ కనబడ్తది, ఒక్క బొట్టు సాలు. పిల్లలు సూదికి ఏడుస్తరు బిడ్డా. రేపు నా బదులు నువ్వు వేలు చాపవా?"