హేమావతి, ఎనిమిదో నంబరు చానెల్

ఎమ్మిగనూరు చేనేతవాళ్ల వీధిలో హేమావతికి చైనా భాష వచ్చని అందరికీ తెలుసు. ఆమె దాన్ని పుస్తకం పట్టి నేర్చుకోలేదు. సింగపూర్‌లో ఒక ముసలామె పక్కన కూర్చుని టీవీ చూస్తూ నేర్చుకుంది.

ఆమె అక్కడికి వెళ్లింది 2012లో. భర్త వీరేంద్ర మగ్గం నేస్తాడు, ఆమె మగ్గానికి నూలు కండెలు చుట్టేది. మరమగ్గాలు పెరిగేకొద్దీ ఇద్దరికీ చాలినంత పని లేకుండా పోయింది. కూతురేమో బాగా చదువుతోంది, మాన్పించడం ఇద్దరికీ ఇష్టం లేదు. కడపలో ఉన్న బంధువుల ద్వారా సింగపూర్‌లో ఇంటిపని దొరికింది. అత్త హనుమమ్మే ధైర్యం చెప్పింది.

"పాపను నేను చూసుకుంటా. నువ్వు బయపడాకు, పోయిరా."

ఎత్తయిన భవనంలో ఒక చిన్న ఫ్లాటు అది. డెబ్బై దాటిన తల్లి, బడిలో టీచరుగా పనిచేసే కూతురు స్వీ లాన్, ఇద్దరే ఉండేవాళ్లు. ముసలామెను అందరూ 'ఆమా' అని పిలిచేవాళ్లు. అంటే అవ్వ అని. హేమావతి చెవికి అది 'అమ్మా' అన్నట్టే వినబడింది. మొదటి రోజే నోరు తిరిగిన మాట అదొక్కటే.

స్వీ లాన్ బడికి పోయాక ఇంట్లో ఇద్దరికీ మాటల్లేవు. ఆమా పొద్దున్నే టీవీ పెట్టేది. ఎప్పుడూ ఒకటే, ఎనిమిదో నంబరు చానెల్. సీరియల్లో ఎవరైనా నీళ్లు తాగితే తెర వైపు వేలు చూపించి "ష్వే" అనేది. ఎవరైనా ఏడిస్తే తన కంటి కింద వేలితో గీసి చూపించి, ఆ మాట చెప్పేది. హేమావతి తిరిగి పలికితే తప్పు దిద్దేది. అట్లా వంట సాగుతుండగా, బట్టలు మడుస్తుండగా ఒక్కో మాటా వచ్చి చేరింది. ఏడాది తిరిగేసరికి మార్కెట్లో చేపలవాడితో బేరమాడగలిగింది.

ఒక మధ్యాహ్నం హేమావతి అడిగింది. "ఇంత బాగా నేర్పుతారు, మీరు ఏ బడిలో చదివారు ఆమా?"

ఆమా నవ్వింది. "నేను బడి గడప తొక్కలేదు. నాకూ ఇదే నేర్పింది" అని టీవీని చూపించింది.

ఆ రోజు ఆమె ఆ చానెల్ కథంతా చెప్పింది. అరవైల్లో అది మొదలైనప్పుడు ఇళ్లల్లో టీవీలు తక్కువ, జనం పేటలో ఉన్న హాలులో గుమికూడేవాళ్లు. చైనా కార్యక్రమాలు, తమిళ కార్యక్రమాలు అన్నీ ఆ ఒక్క చానెల్లోనే వచ్చేవి. పక్కింటి తమిళావిడ, ఆమా ఒకే బల్ల మీద కూర్చుని ఒకరి కార్యక్రమం ఒకరు చూసేవాళ్లు. ఆమా పుట్టింటి భాష ఇప్పుడు టీవీలో వచ్చే మాండరిన్ కాదు, హొక్కియెన్ అనే ఇంకో చైనా భాష. చాలా ఏళ్లు ఆ భాషలో కూడా నాటకాలు వచ్చేవి. ఎనభైల నాటికి సింగపూర్‌లోని చైనా వాళ్లంతా మాండరినే మాట్లాడాలని ప్రభుత్వం అనుకుంది, టీవీలో మిగతా యాసలు ఆగిపోయాయి.

"ఉన్నట్టుండి నా ఇంట్లో నాకు అర్థం కాని టీవీ మిగిలింది. కోపంతో చాలా రోజులు దాన్ని తాకలేదు" అంది ఆమా. "కానీ లేకలేక పుట్టిన కూతురు. దాని బడిలో అంతా మాండరిన్. దాంతో మాట్లాడాలంటే నేనూ నేర్చుకోవాలి కదా. మళ్లీ టీవీ పెట్టాను. సాయంత్రం సీరియళ్లు చూసి చూసి నేర్చుకున్నాను."

2016లో ఒక శుక్రవారం పొద్దున హేమావతి ఇల్లు తుడుస్తోంది. టీవీలో మాటల తీరు ఏదో మారినట్టు అనిపించి తలెత్తి చూసింది. ఆమా కుర్చీ పట్టుకుని లేచి నిలబడి ఉంది, కళ్ల నిండా నీళ్లు.

"ఏమైంది ఆమా?"

"మా వాళ్ల మాట" అంది ఆమా మెల్లగా.

పెద్దవాళ్ల కోసమని చానెల్ మళ్లీ హొక్కియెన్‌లో సీరియల్ మొదలుపెట్టింది. అప్పటి నుంచి శుక్రవారం వస్తే ఆమాకు పండగే. "ఇన్నాళ్లూ నేను నేర్చుకున్న భాష నీకు నేర్పాను. ఇప్పుడు నా భాష నేర్చుకో" అని హేమావతిని పక్కన కూర్చోబెట్టుకునేది.

రెండేళ్లకు ఆమాకు పక్షవాతం వచ్చింది. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక ఆమె నోట మాండరిన్ ఒక్క ముక్క రాలేదు. చిన్నప్పటి హొక్కియెన్ మాత్రమే మిగిలింది. స్వీ లాన్‌కు అది నాలుగు మాటలకు మించి రాదు. తల్లి మంచం పక్కన కూర్చుని ఏడ్చింది.

"హేమా, అమ్మ ఏమంటోంది?"

"దాహం అంటోంది అక్కా. ఎడమ భుజం నొప్పి అంటోంది."

ఆ సాయంత్రమే స్వీ లాన్ అడిగింది, తనకూ నేర్పమని. రోజూ బడి నుంచి వచ్చాక ముగ్గురూ కలిసి ఆ పాత సీరియల్ భాగాలు మళ్లీ పెట్టుకుని చూసేవాళ్లు. హేమావతికి తెలియనిచోట ఆమా కనుబొమలు ఎగరేసి మళ్లీ పలికేది. కొన్ని నెలలకు ఒకరోజు ఆమా కూతుర్ని "అన్నం తిన్నావా?" అని అడిగింది. స్వీ లాన్ హేమావతిని పిలవకుండానే, తల్లి భాషలో, తిన్నానని చెప్పింది. వంటింట్లో ఉన్న హేమావతి స్టవ్ తగ్గించి చాలాసేపు అక్కడే నిలబడిపోయింది.

2019లో ఆమా నిద్రలోనే పోయింది. హేమావతి ఊరికి తిరిగి వచ్చేసింది. విమానాశ్రయంలో స్వీ లాన్ ఆమెను పట్టుకుని, "నువ్వు లేకపోతే చివరి ఏడాది మా అమ్మతో మాట్లాడకుండానే ఉండిపోయేదాన్ని" అంది.

ఇప్పుడు కూతురు కర్నూలులో నర్సు. హేమావతి మళ్లీ కండెలు చుడుతోంది, పక్కన ఫోన్లో ఆ చానెల్ సీరియళ్లు పెట్టుకుని.

"ఇంగా యెన్నాళ్లు చూస్తావు?" అంటాడు వీరేంద్ర.

"ఆ టీవీ నాకు ఇంగో అమ్మను ఇచ్చినాది. శానా మేలు చేసినాది. ఎట్ల వదిలేది?" అంటుంది ఆమె.

పోయిన చలికాలంలో స్వీ లాన్ ఎమ్మిగనూరు వచ్చింది. హనుమమ్మ ఆమె చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"మా కోడల్ని బిడ్డ మాదిరి చూసుకుంటిరంట. మీ అమ్మకు దండం పెడతాండా" అని, ఆ మాట చెప్పమని కోడలి వైపు చూసింది.

హేమావతి చెప్పింది. స్వీ లాన్ జవాబుకు హేమావతి తల దించుకుంది. ఏమందని అత్త గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది.

"వాళ్లమ్మకు ఆకరిలో నేనే బిడ్డనంట, అత్తా."

హనుమమ్మ లేచి కొంగు బిగించుకుంది.

"రొట్టె కాలుస్తా. వంకాయ కూరలో కారం యెంత వెయ్యాల్నో ఆ పాపను అడుగు."

హేమావతి అడిగింది. "మనం తిన్నంత వెయ్యమంటాండాది" అంది నవ్వుతూ.