ఏనుగు పిల్ల దాహం, నా గుండు

అడవి ఏనుగు ముందు ఎట్లా మసలుకోవాలో ఈ చిత్తూరు జిల్లాలో నాకంటే బాగా చెప్పగలిగినవాడు ఇంకొకడు లేడు. చెప్పడం వరకే సుమా! చెయ్యడం సంగతి మొన్న ఆదివారం తేలిపోయింది. నా గుండు చూసి "ఏంది, కొండకు పోయొచ్చినావా?" అని అందరూ అడుగుతున్నారు. పోయొచ్చిన మాట నిజమే. ఎందుకు పోవాల్సి వచ్చిందో వినండి. నవ్వండి, పర్లేదు. మా అక్క ఇంకా నవ్వుతూనే ఉంది.

పలమనేరు అవతల అడవిలో మావాళ్లు కొందరు చిన్న సఫారీ నడుపుతున్నారు. నేనందులో గైడుని. హంగామా ఏం లేదు. పూటకి ఒక్కటే జీపు. ఏనుగుల వెంట పడం, వాటి దారికి అడ్డం పోం. కుంటకు ఇవతల చెట్ల చాటున ఇంజన్ ఆపేసి కూర్చుంటాం. వస్తే చూస్తాం, రాకపోతే వెనక్కొచ్చేస్తాం. ఈ ఎండలకు ఆ కుంటలోనే కాసిని నీళ్లున్నాయి. మనం బెదరగొడితే అవి దాహంతో ఊళ్ల మీదికి పోతాయి. ఊళ్లో వాటికి ఏం ఎదురొస్తాయి? టపాకాయలు, కరెంటు తీగలు. అందుకే మా సఫారీలో ఒకటే రూలు: గప్‌చుప్!

ఆ రూలు అందరికీ నూరిపోసేది నేనే. మొన్న వచ్చింది మా అక్కా, బావా. బావకు బంగారుపాళ్యంలో మామిడితోట ఉంది. పోయినేడు ఏనుగులు పడి కొమ్మలు విరిచాయని ఇప్పటికీ తిడుతూనే ఉంటాడు. "ఒక్కసారి కోపం లేకుండా సూడు, సాలు" అని అక్కే పట్టుబట్టి లాక్కొచ్చింది.

వాళ్లు దిగీ దిగగానే మొదలుపెట్టాను. అక్క జడలో మల్లెపూలు తీయించాను. బావ చొక్కా పండిన బేనీషా మామిడిలాగా మెరిసిపోతుంటే తిరగేసి తొడిగించాను. చంక దగ్గర ముక్కు పెట్టి, "సెంటు కొట్టినావా బావా?" అన్నాను.

"లేదప్పా సామీ! ఏనుగును సూసేదానికి వచ్చినానా, పెళ్లిసూపులకి వచ్చినానా?"

"రెండూ ఒకటే బావా. అవతల పిల్ల బెదరకూడదు. నువ్వు నోరు తెరిస్తే బెదురుతుంది. నమ్మకపోతే అక్కనడుగు."

"పెళ్లయిన కాడ్నుంచి అలవాటు పడతానే ఉండాను" అంది అక్క. మా డ్రైవరు మునస్వామన్న స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు.

నేను మాత్రం నవ్వలేదు, గైడుని కదా! బావ భుజం మీది తువ్వాలు పట్టుకుని, "శబ్దం చేసినవాళ్ల నోట్లో ఇది కుక్కేస్తా" అని మరీ హెచ్చరించాను.

కుంట దగ్గర కూర్చున్నాం. బావ గుటక మింగినా నేను కళ్లురిమాను. పాపం, చేతులు కట్టుకుని బడిపిల్లోడిలా కూర్చున్నాడు.

ఎండ కొంచెం వాలింది. అవతలి గట్టున వెదురు కదిలింది. నల్లబండలాంటి నుదురు బయటికొచ్చింది. దాని కాళ్ల సందులోంచి పిల్ల! తొండం దాని మాట వినే వయసు కాదింకా, ఎటు పడితే అటు ఊగుతోంది. తడబడుతూ నీళ్ల దాకా వచ్చి, ముందుకు వంగి...

"ఏడుకొండలవాడా! వెంకటరమణా!"

ఎవరో గొంతు చించుకుని అరిచారు. నేనే!

తిరుపతిలో పుట్టినవాడిని కదండీ! ఉత్సవంలో ఏనుగు వస్తుంటే చేతులెత్తి అరవడం నాయన భుజాల మీద కూర్చున్న నాటి నుంచీ అలవాటు. ఏనుగు కనపడింది, చేతులు లేచాయి, నోరు తెరుచుకుంది. పోనీ అంతటితో ఆగిందా? ఆ మాట చెవిన పడ్డాక మన జిల్లాలో ఊరుకునేదెవరు? అక్క, బావ, మునస్వామన్న ముగ్గురూ ఒక్క గొంతుతో...

"గోయిందా గోయింద!"

తల్లి చెవులు విప్పింది. పిల్లను తొండంతో పొట్ట కిందికి లాక్కుంది. అంతే, వెదురు మూసుకుపోయింది.

"బిడ్డ నీళ్లు తాగకుండానే పాయె కదరా" అంది అక్క మెల్లిగా.

మునస్వామన్న ఇంజన్ వేయకుండానే జీపును వాలులో వెనక్కి వదిలాడు. చాలా దూరం పోయి ఆపాడు. అక్కడ్నుంచి కుంట అరచేయంత కనిపిస్తోంది. బావ నింపాదిగా తువ్వాలు తీసి, ఉండ చుట్టి నా ముందుకు చాపాడు.

"రూలు రూలే కదప్పా, బామ్మర్దీ!"

నోరు తెరిచాను. పొద్దున్నే కాయల గంపలు మోసిన తువ్వాలది. చెమట, మామిడి సొన, ఇంకా ఏమేమో! కళ్లు మూసుకుని మొక్కుకున్నాను. 'స్వామీ, ఇందాక పిలిచింది పొరపాటు. ఇప్పుడు మనసులో పిలుస్తున్నా. ఆ పిల్ల వచ్చి నీళ్లు తాగిందంటే గుండు కొట్టించుకుంటా.'

నీడలు పొడుగయ్యాయి. ఎవరమూ కదల్లేదు. చివరికి బావే నా మోకాలు నొక్కాడు. వెదురు కదులుతోంది. తల్లి చాలాసేపు గాలి వాసన చూసి, అప్పుడు దారిచ్చింది. పిల్లకు తొండంతో తాగడం చేతకాలేదు. మోకాళ్లు వంచి మూతే నీళ్లలో ముంచేసింది.

"ఇంతే ఉండాదే, అబ్బా!" అని గొణిగాడు బావ. అవి కడుపునిండా తాగి వెళ్లేదాకా మళ్లీ మాట్లాడలేదు. నా నోట్లో తువ్వాలుంది కాబట్టి నేనూ ఏమీ వివరించలేదు. నేను నడిపిన టూర్లలో అంత బాగా జరిగింది ఇంకోటి లేదని మునస్వామన్న సర్టిఫికెట్ ఇచ్చాడు.

అడవి దాటాక బావ తువ్వాలు లాగాడు. "ఒక మాట అడుగుతా, ఏమనుకోవాకు. రోజూ సూసే ఏనుగే గదా. ఎందుకట్లా అరిసినావు?"

"రోజూ యాడ సూస్తా బావా..."

"మరి?"

ఇక దాచి లాభం లేదు. గైడుగా చేరినప్పటి నుంచి నేను జనాలకు చూపించిందంతా అడుగుల గుర్తులూ, లద్దెలూ. నుదుట నామం, మెడలో గంట లేని ఏనుగును చూడటం నాకూ అదే మొదటిసారి.