సంచి పట్టీ

మా తమ్ముని కూతురు నాకొక మాట చెప్పకుండా ఒంటరిగా యూరప్ దేశాలు తిరిగొచ్చింది. బడికి పోకున్నా పటాలు చూసి దేశాలన్నీ నేర్చుకున్న మనిషిని, నన్నడగొద్దా?

పోయిన ఎండాకాలం చిత్తూరు నుంచి మామిడిపండ్లు తీసుకొని తిరుపతిలో మా ఇంటికొచ్చి, చాపమీద కునుకు తీసింది. వీపుసంచి పట్టీ మణికట్టుకు చుట్టుకొని మరీ. చిన్నప్పటి నుంచీ ఊరు దాటితే ఆ పిల్ల నిద్ర అంతే.

లేచినాక నిలదీసినాను. "ఆ దేశాల్లో రాత్రి రైల్లో ముక్కూమొగం తెలియనోళ్ళ మధ్య ఎట్లా పండుకుంటివే? నాకెందుకు చెప్పలే?"

పండు చీకుతా నింపాదిగా అనింది: "చెప్తే పోనీవని చెప్పలే పెదనాయనా. నిద్రంటావా, చిన్నప్పుడు తిరుమల కొండమీద యాత్రికులు పండుకునే షెడ్డులో అంతమంది మధ్య సంచి పట్టీ నా చేతికి చుట్టి, ఇంక భయంలేదు పండుకో అన్నావే, ఆ రైల్లోనూ అట్లనే పండుకుంటి."