చిన్నబాపు డబ్బా, అవ్వ రేడియో

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, చేతిలో పని కాసేపు పక్కన పెట్టండి. పొయ్యి మీద చాయ్ ఉంది, అది మరిగేలోపు మొదలుపెడతాను. వాసన వస్తోందా? ఎవరో ఊదు వేసినట్టు లేదూ? ఇవాళ పండుగ కాదు, శుక్రవారమూ కాదు. వెనక గదిలో మా చిన్నబాపు, అంటే మా బాపుకు తమ్ముడు, తన పాత కంప్యూటర్ మూత విప్పుకుని కూర్చున్నాడు. కాలిన సోల్డరింగ్ రాడ్ తీగకు తగలగానే సన్నటి తెల్లపొగ ఒకటి లేస్తుంది చూడండి, ఆ పొగ ముక్కుకు సోకితే చాలు, నేను ఈ చాంద్రాయణగుట్ట ఇంట్లో ఉండను. లాల్‌దర్వాజాలో మా బర్రెల కొట్టం పక్కన, లంగా కుచ్చిళ్లు ఎగదోపుకుని నిలబడి ఉంటాను.

మాది పాల ఇల్లు. తెల్లారకముందే చెంబులో పాలధార పడే చప్పుడు, నానబెట్టిన తెలగపిండి వాసన, బాపు సైకిలుకు కట్టిన క్యాన్ల గలగల. బర్రె ఈనితే మా అవ్వ, అంటే బాపు వాళ్ల అమ్మ, బెల్లమూ యాలకులూ వేసి జున్ను వండేది, మొదటి గిన్నె ఖాలాకు పంపేది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, మా వెనక గల్లీ ముసలామెను అందరం అలాగే పిలిచేవాళ్లం. ఆమె ఇంటి గోడా మా ఇంటి గోడా వీపులు ఆనించుకుని ఉండేవి, కానీ గోడ ఎత్తు, తలుపు లేదు. ఆమె గుమ్మానికి పోవాలంటే మా గల్లీ దాటి, పెద్ద రోడ్డు మీదికి ఎక్కి, మళ్లీ లోపలికి తిరగాలి. రంజాన్‌కు ఆ గిన్నె షీర్ ఖుర్మాతో తిరిగి వచ్చేది, బోనాలకు మా బెల్లమన్నంతో అటు పోయేది. ఆషాఢం వానల్లో ఆ గిన్నె మీద చెంగు కప్పి పరుగెత్తడమే మాకు ఆట.

చిన్నబాపుకు పసితనంలో వచ్చిన జ్వరంతో చెవులు పోయాయి, మాటా రాలేదు. గల్లీ పిల్లలు మూగ సత్తి అని వెనక నుంచి అరిచేవాళ్లు, అది తనకు వినపడదు కదా, వెనక్కి తిరిగి నవ్వేవాడు. చార్మినార్ దగ్గర గాజుల కొట్ల పైఅంతస్తులో రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణంలో పని. బాగుపడిన రేడియో పలుకుతోందో లేదో చూడాలంటే దాని చెక్క మీద అరచెయ్యి ఆనించేవాడు. చెయ్యి జివ్వుమంటే నోరంతా తెరిచి నవ్వేవాడు. మా ఇంట్లో బర్రెలకే చోటు చాలదు, ఇక అతని డొక్కు సామాన్లకు ఎక్కడిది? అందుకని ఖాలా డాబా మీద, సరిగ్గా మా ఇంటి వెనక, ఒక రేకుల గది అద్దెకు తీసుకున్నాడు.

ఆ గదిలోకి వచ్చిందీ కంప్యూటర్. ఖాలా పెద్దకొడుకు దుబాయ్ నుంచి పిల్లల కోసం తెచ్చాడు, కరెంటు తప్పుగా ఇవ్వడంతో మొదటిరోజే పొగ వచ్చింది, అటక ఎక్కింది. "లే జా బేటా, కచ్రా హో గయా," అని ఖాలా దాన్ని చెత్త కింద లెక్కగట్టి చిన్నబాపు చేతిలో పెట్టింది. ఎన్ని ఆదివారాలు దాని ముందు వంగి కూర్చున్నాడో! రొట్టెల పీటంత డబ్బా, దాని మీద కొబ్బరి బర్ఫీ ముక్కలు పేర్చినట్టు మీటలు. తెర దానికి లేదు, నలుపు తెలుపు టీవీకి తగిలించాలి. అందులో ఆడించే ఆటలూ లెక్కలూ పాటల క్యాసెట్ లాంటి క్యాసెట్‌లో ఉండేవి. టేపు తిప్పితే కీచుమని అరుస్తూ డబ్బాలోకి ఎక్కాలి. ఆ అరుపు సరైన గొంతులో లేకపోతే ఎక్కదు, ఆ గొంతు చిన్నబాపుకు వినపడదు. అందుకే నేను. టేప్‌రికార్డర్ పక్కన కూర్చుని చెయ్యి పైకెత్తితే పెంచాలి, దించితే తగ్గించాలి, పిడికిలి బిగిస్తే బాగుంది, వదిలెయ్యి. తెర మీద గీతలు పరుగెత్తి పరుగెత్తి ఒక బంతి ఎగిరేది. తర్వాత క్యాసెట్ అక్కర్లేకుండా తానే మీటలు నొక్కి ఒకటి తయారుచేశాడు. బటన్ నొక్కగానే ఇంగ్లీషు అక్షరాల్లో అవ్వ, అవ్వ, అవ్వ అని తెర నిండా పేరు పడుతూ పోయేది. బడిలో నేర్చుకున్న అక్షరాలు కొన్నే అయినా, తనకు ముందుగా గుర్తొచ్చిన పేరు అదే.

ఆ రోజుల్లోనే అవ్వ రేడియో పాడైంది. సాయంత్రం పాలు పిండేటప్పుడు ఆమెకు రేడియోలో పాటలు ఉండాలి, అవి వింటేనే బర్రెలు చేపి పాలు వదులుతాయని ఆమె నమ్మకం. పాట మధ్యలో గురగురమని ఎవరో గొంతు పుక్కిలించినట్టు మొదలయ్యేది.

"ఏందే లచ్చీ, ఇది గిట్ల గుర్రుమంటున్నది? దీనికి గాలి సోకింది," అని నాతో చెప్పి, దాని చుట్టూ నిమ్మకాయ తిప్పి రోడ్డు మీద పడేసింది. గురగుర తగ్గలేదు. బాపు దాన్ని సైకిలు మీద చిన్నబాపు దుకాణానికే తీసుకుపోయాడు. అక్కడ కోయిలలా పాడింది. ఇంటికి తెస్తే మళ్లీ గుర్రు.

"నీ తమ్ముని దగ్గర మంచిగనే ఉంటది, నా దగ్గరికొస్తెనే లొల్లి. నా మీదేమన్న పగనా దానికి?" అంటూ రెండు దెబ్బలు కూడా వేసింది.

గుట్టు బయటపడింది ఒక ఆదివారం. రేడియో గోల స్వయంగా చూపిద్దామని నేను గల్లీ చుట్టి పోయి చిన్నబాపును పిలుచుకొచ్చాను. వస్తూ వస్తూ అతను కంప్యూటర్ ఆపేశాడు. మా ఇంట్లో రేడియో చల్లగా పాడుతోంది. గదికి తిరిగిపోయాడు, గుర్రు మొదలైంది. మళ్లీ పిలిచాను, ఆగిపోయింది. అవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని వెనక గోడ వంక చూసింది. "అరే, ఆని డబ్బానా నా రేడియోను కరుస్తున్నది!"

ఈ సంగతి సైగలతో చెప్పినప్పుడు చిన్నబాపు ముఖం మీరు చూడాల్సింది. నోరు లేని మనిషి చేతిలోని డబ్బా గోడ అవతల అంత గట్టిగా మాట్లాడుతోందని తెలిసి పొట్ట పట్టుకుని నవ్వాడు. అది ఎలా ఉంటుందో చెప్పమని అరచెయ్యి చాపాడు. రోజుకొకటి ఇంట్లో విని, పోయి ఆ అరచేతిలో వేళ్లతో కొట్టి చూపించాను. బంతి ఆటది ఆగి ఆగి దూకే చప్పుడు. అవ్వ పేరుది చేటలో బియ్యం చెరిగినట్టు జల్లుమని, కాస్త ఆగి, మళ్లీ జల్లుమని. తన డబ్బా ఏం చేస్తే మా రేడియో ఏమంటుందో అతనికి అరచేతి నిండా తెలిసిపోయింది. అవ్వ పాటల వేళకు డబ్బా ముట్టకూడదని ఒప్పందం కూడా అయింది.

ఆ వానాకాలంలోనే ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి బజారు వైపు షట్టర్లు దబదబ పడ్డాయి. బాపు సైకిలు తోసుకుంటూ పరుగున వచ్చాడు. "కర్ఫ్యూ పెట్టిన్రంట, తలుపెయ్‌రి!" రోడ్డు మీద జీపు మైకులో ఎవరూ బయటికి రావద్దని, డాబాలు ఎక్కవద్దని చెప్పుకుంటూ పోయింది. కర్ఫ్యూ అంటే మా పిల్లలకు అష్టాచెమ్మ, అమ్ముడుపోని పాలతో కోవా. ఆ రోజు కూడా అవ్వ బాణలి పెట్టింది, కానీ గరిటె తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది.

"సత్తి ఏడున్నడో. మైకుల చెప్పేది ఆనికి ఇనవడ్తదారా? ఆగుమంటె ఆగుతడా వాడు?"

అప్పుడు మాకు అర్థమైంది. లాఠీ పట్టుకున్నవాడు వెనక నుంచి ఆగమంటే, ఆగకుండా నడిచే మనిషిని ఏమనుకుంటాడు? గదికి చేరాడేమో అనుకుందామంటే, ఖాలా కూతురింటికి పోయింది, కింది ఇంటికి తాళం. అతన్ని పిలిచినా వినపడదు, అతను పిలవలేడు.

"నేను పోయి చూసొస్త," అని బాపు గొళ్లెం మీద చెయ్యి వేశాడు.

"ఊకో బాలయ్యా! నిన్ను గూడ పోగొట్టుకోమంటవా?" అవ్వ తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

కరెంటు పోయింది. అవ్వ రేడియోలో సెల్లులు వేసుకుని వార్తల కోసం కూర్చున్నాం. వార్తల్లో మా గల్లీ సంగతి లేదు. తర్వాత పాటలు వచ్చాయి, ఎన్నాళ్లనుంచో అవ్వ కోరుకున్నట్టు, ఒక్క గుర్రు లేకుండా. అంత తేటగా పాడుతున్న రేడియోను చూసి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాణలిలో కోవా అడుగంటి మాడు వాసన వేస్తున్నా ఎవరమూ లేవలేదు. కొట్టంలో బర్రెలు పిండమని అరుస్తున్నాయి.

పొద్దు వాలుతుండగా కరెంటు వచ్చి దీపం వెలిగింది. పాట అలాగే సాగింది. చరణం అయింది, ఇంకో చరణం మొదలైంది. అప్పుడు జల్లుమంది. కాస్త ఆగి మళ్లీ జల్లుమంది. చేటలో బియ్యం.

"అవ్వా, నీ పేరే! చిన్నబాపు నీ పేరు కొడుతుండు!" అని అరిచాను.

అవ్వ ఏడ్చిందో నవ్విందో నేను చెప్పలేను. రేడియో దగ్గరికి వచ్చి దాని చెక్క మీద అరచెయ్యి పెట్టింది, అచ్చం కొడుకు పెట్టినట్టే. "పెంచు బిడ్డా, ఇంకింత పెంచు," అంది. పాట పూర్తిగా మునిగిపోయేదాకా ఆ గురగుర విన్నాం. ఆ తర్వాతే చెంబు పట్టుకుని కొట్టంలోకి పోయింది.

మర్నాడు కర్ఫ్యూ సడలించగానే చిన్నబాపు వచ్చాడు. షట్టర్లు పడుతుంటే కాళ్ల కింద నేల అదిరిందనీ, కింద గాజుల కొట్టు భాయ్ చొక్కా పట్టుకుని సందుల్లోంచి లాక్కొచ్చి గల్లీ మొదట్లో వదిలాడనీ, కరెంటు కోసం డబ్బా ముందే కూర్చున్నాననీ చేతులతో చెప్పాడు. అవ్వ అతని వీపు మీద ఒక్కటిచ్చి, మాడిన కోవా ముందు పెట్టింది. బాగుందని గిన్నె నాకాడు.

ఇప్పుడు ఆ గల్లీలో బర్రె లేదు, తెలగపిండి వాసన లేదు. ఖాలా ఇంటి చోట అంతస్తుల మేడ లేచింది. అవ్వా లేదు, జున్ను గిన్నె పంపడానికి వెనక గల్లీ గుమ్మమూ లేదు. ఎవరు ఎక్కడున్నారో ఫోన్ చెబుతుంది, ఆ చెప్పడంలో చప్పుడు లేదు. కానీ ఉబ్బిపోయిన కండెన్సర్లు తీసి కొత్తవి వేస్తే డబ్బా లేస్తుందని చిన్నబాపు పొద్దుటి నుంచి పట్టుబట్టాడు, అవ్వ రేడియోను నా చేత అటక దింపించాడు. అదిగో, విన్నారా? జల్లుమంది. ఉండండి, నేను తలుపులోంచి పిడికిలి చూపించి వస్తాను, లేకపోతే పెంచాలో తగ్గించాలో అతనికి తెలియదు.

చాయ్ కూడా మరిగింది, తాగి వెళ్లండి. మీ గడప దాటి పోయిన ప్రతి మనిషీ పొద్దువాలేలోపు క్షేమంగా ఇల్లు చేరాలి. ఎవరికైనా కాస్త ఆలస్యమైతే, ఏదో ఒక గోడలోంచి వాళ్ల కబురు మీ చెవిన పడాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి.