చిందీ కోసం కొంగు చాచి

ఓదెమ్మ బిస్సీకి బోర్డు లేదు. ధామన్కర్ నాకా వెనక గల్లీలో మూడో ఇల్లు అంటే చాలు, సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే తెలుగు వాళ్లందరికీ తెలుసు. ముందుగదిలో చాపలు పరిచి, నెలవారీ లెక్కన కూలీలకు రెండు పూటలా అన్నం పెట్టే ఇలాంటి ఇళ్లను భివండీలో బిస్సీ అంటారు. గోడ అవతలే కార్ఖానా. సాంచాలు ఆడుతున్నంతసేపూ పొయ్యి మీది గిన్నెల మూతలు సన్నగా వణుకుతుంటాయి. కరెంటు పోయి ఆ చప్పుడు ఆగితేనే ఓదెమ్మకు ఏదో తేడాగా అనిపిస్తుంది.

చిందీని ఆ ఇంటికి తెచ్చింది ఆమె భర్త గట్టయ్య. అంజూర్ ఫాటా దగ్గర లారీ కింద కాలు నలిగి మూలుగుతున్న కుక్కపిల్లను చూసి వదిలి రాలేకపోయాడు. కార్ఖానాలో పడి ఉండే గుడ్డపీలికలతో దాని కాలికి కట్టు కట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఆ పీలికలను అక్కడ చిందీ అంటారు. కుక్కపిల్లకూ అదే పేరైంది. కాలు వంకరగానే అతుక్కుంది.

తర్వాత గట్టయ్య ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఇంట్లో ఓదెమ్మ, కూతురు కోమల్ మిగిలారు. వచ్చే పోయేవాళ్లంతా మగవాళ్లు. అందరూ మంచివాళ్లే, కానీ తాగిన పూట మంచివాళ్లను కూడా నమ్మలేం. చిందీ మొరిగేది కాదు. ఎవడైనా లోపలి గది వైపు అడుగేస్తే వంకర కాలు ఈడ్చుకుంటూ వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడేది. అంతే. అదొక్కటి ఉందన్న ధైర్యంతోనే ఓదెమ్మ బిస్సీ మూసెయ్యకుండా నడుపుకొచ్చింది.

ఆ దసరా వెళ్లాక చిందీ అన్నం ముట్టడం మానేసింది. నీళ్లు మాత్రం గిన్నెలకు గిన్నెలు తాగేది. వేడి చేసిందేమోనని ఓదెమ్మ మజ్జిగ అన్నం కలిపి పెట్టింది. వాసన చూసి తల తిప్పుకుంది. పొట్ట బిగుసుకుపోయి, వెనక నుంచి చీము కారడం కోమల్ కంట పడింది. మరునాడు వంట కాగానే తల్లీకూతుళ్లు దాన్ని ఆటోలో కళ్యాణ్‌కు తీసుకుపోయారు.

అక్కడ ఆర్తి అనే పశువుల డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, మిషన్ పెట్టి చూసి, గర్భసంచి నిండా చీము పట్టిందని చెప్పింది. కోసి తీసెయ్యాలి, మందులతో పోయేది కాదు, నాలుగు రోజులు దాటితే బతకదు. మందులతో కలిపి ఇరవై వేల దాకా అవుతుందంది. ఆ రోజుకు సెలైన్ పెట్టి, సూది వేసి పంపింది.

తిరుగు ప్రయాణంలో ఓదెమ్మ లెక్కలు వేసుకుంది. సాంచాలు సగం మూతబడి ఆరు నెలలైంది. బిస్సీలో తినేవాళ్లే చాలామంది డబ్బులు పడ్డప్పుడు ఇస్తున్నారు. కిరాణా కొట్టువాడు ఆమెను చూసి ఈ మధ్య ముఖం పక్కకు తిప్పుకుంటున్నాడు.

"అమ్మా, టెన్షన్ ఘేవు నకో, పరేషాన్ గాకు," అంది కోమల్. "నేను ఫోన్ల పెడ్త. ఫోటో, క్యూఆర్ కోడ్. లోక్ మదత్ కర్తాత్. మస్తుమంది ఇస్తరు."

"ఎరుక లేనోళ్లు ఎందుకిస్తరే?"

"ఎరుక ఉన్నోళ్లు ఇస్తరా మరి?"

ఓదెమ్మ ముందు తెలిసినవాళ్లనే అడుగుదామనుకుంది. ఆ సాయంత్రమే సాంచాల సేఠ్ అంకుశం దగ్గరికి వెళ్లింది. అతని మనుషులు పదేళ్లుగా ఆమె చేతి అన్నం తింటున్నారు. అతను కుర్చీ చూపించాడు, చాయ్ తెప్పించాడు. అంతా విని నిట్టూర్చాడు.

"వదినా, గణపతి చందా అడుగు, ఇస్త. ఎవలన్న పిల్ల పెండ్లి అంటే ఇస్త. కుక్కకని లెక్కల రాసుకుంటే నా భార్యనే నవ్వుతది." ఐదు వందల నోటు తీసి బల్ల మీద పెట్టాడు. "నేను ఇచ్చిన్నని ఎవ్వలకు చెప్పకు."

ఓదెమ్మ చాయ్ తాగి, నోటు తీసుకుని వచ్చింది. వద్దనాలనిపించింది. కానీ వద్దనే స్తోమత లేదు.

మరునాడు పగటి భోజనాల వేళ, అందరికీ వడ్డించాక, ఆమె ఒక స్టీలు డబ్బా చేత పట్టుకుని గది మధ్యలో నిలబడింది. భర్త పోయినప్పుడు కూడా ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. మూత తీసి డబ్బా ముందుకు చాచింది.

"చిందీకి పానం బాగలేదు. గర్భసంచిల చీము పట్టిందట. కోసి తీసెయ్యాలంటున్నరు. మీకు తోచినంత ఇయ్యున్రి. లేనోళ్లు ఇయ్యకున్నా నేనేమనుకోను."

ఎవరో కిసుక్కున నవ్వి ఊరుకున్నారు. సురేశ్ అనే కూలీ జేబు తడుముకుని వంద నోటు వేశాడు. ఇంకొకరు పగార్ వచ్చాక ఇస్తామన్నారు. డబ్బా మెల్లగా చాప చివరిదాకా వెళ్లింది. అక్కడ లక్ష్మీనర్సయ్య కూర్చున్నాడు. అందరిలోకీ పెద్దవాడు, మితభాషి. అతని చెయ్యి పప్పన్నంలో ఆగిపోయి ఉంది.

"మనుషులకైతే ఎవలు డబ్బా పట్టుకొని తిరగలే," అన్నాడు.

అతను కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచి వెళ్లిపోయాడు. సగం అన్నం అలాగే ఉంది. ఆ రోజు నుంచి వేరే బిస్సీలో తింటున్నాడని తెలిసింది.

అతని మాట ఓదెమ్మను వదల్లేదు. కోపం రాలేదు, అదే కష్టంగా ఉంది. అతను అన్నది అబద్ధం కాదు. ఈ గల్లీలో మందుల్లేక పోయినవాళ్లను ఆమె చూసింది. అయినా గుమ్మంలో పడుకుని ఎగశ్వాస తీస్తున్న జీవాన్ని చూస్తూ, మనుషులంతా బాగుపడ్డాక నీ సంగతి చూస్తానని ఎలా చెప్పడం?

కోమల్ పెట్టిన ఫోటోకు డబ్బులు వచ్చాయి. పుణె నుంచి ఒకరు, నాసిక్ నుంచి ఒకరు, పేరు రాయనివాళ్లు కొందరు, యాభై, వంద పంపారు. తిట్లూ వచ్చాయి. కుక్క పేరు చెప్పి అడుక్కుంటున్నారని ఒకడు రాశాడు. కోమల్ దాన్ని చెరిపెయ్యబోతుంటే ఓదెమ్మ చదివించుకుని విన్నది.

"పోనీ తియ్యి," అంది. "అడుక్కుంటున్నది నిజమే కద."

అన్నీ కలిపినా ఇరవై వేలలో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే పోగైంది. గడువు చివరి రోజున, ఉన్నదంతా డాక్టరమ్మ బల్ల మీద పెట్టి, మిగిలింది నెల నెలా కడతానని ఓదెమ్మ చేతులు జోడించింది. ఆర్తి ఆ చిల్లర నోట్ల వైపు కాసేపు చూసి, చిందీని లోపలికి తెమ్మంది.

బయట బెంచీ మీద కూర్చోగానే ఓదెమ్మకు కునుకు పట్టింది. భయం ఉంది, కానీ ఒళ్లు దాని మాట వినలేదు. కోమల్ తట్టి లేపేసరికి ఆపరేషన్ అయిపోయింది. చిందీ నాలుక బయటపెట్టి స్పృహ లేకుండా పడి ఉంది. గండం ఇంకా గడవలేదని, ఈ రెండు రోజులూ చూడాలని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికి తెచ్చాక, మూడో నాడు అది తనంతట తాను లేచి నీళ్లు తాగింది. ఓదెమ్మ ఏడవలేదు. పప్పు మాడుతోందని లోపలికి పరిగెత్తింది.

బాకీ తీర్చడానికి ఆమె మాన్కోలి గోదాముల్లో పార్సిళ్లు కట్టే పనికి కుదిరింది. పొద్దుటి వంట చేసి, మధ్యాహ్నం వడ్డన కోమల్‌కు అప్పజెప్పి వెళ్లేది. సాయంత్రం వచ్చి మళ్లీ పొయ్యి ముట్టించేది. అక్కడ కూర్చోనివ్వరు. నడుము రెండు ముక్కలైనట్టు ఉండేది. కుక్క కోసం ఇంత అవసరమా అని తోటి ఆడవాళ్లు అడిగితే నవ్వేసేది. చెప్పడానికి కూడా ఓపిక కావాలి కదా.

ఓ ఆదివారం మధ్యాహ్నం, అందరూ తిని వెళ్లాక, లక్ష్మీనర్సయ్య గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అక్కడే చిందీ కుట్లు నాకకుండా మెడకు వేసిన ప్లాస్టిక్ పట్టీతో పడుకుని ఉంది. దాని పొట్ట మీది కుట్లను అతను చాలాసేపు చూశాడు.

"మా లస్మవ్వకు గూడ గర్భసంచే, చెల్లె," అన్నాడు చివరికి.

ఓదెమ్మ చేతిలోని గరిటె కింద పెట్టింది. అతని భార్య పోయిందని తెలుసు గానీ, ఎలా పోయిందో ఎప్పుడూ వినలేదు. అది ఆమె ఈ ఊరు రాకముందు సంగతి.

"ఆపరేషన్ చెయ్యాలన్నరు. పైసల్లేవు. ఊరికి తోలుకపోతె ఎవలన్న ఇస్తరేమో అనుకున్న. అక్కడి దవాఖానకు చేరేసరికి, ఇగ లాభం లేదన్నరు."

"నాకు ఎరుక లేదు, అన్న."

"నీకెట్ల ఎరుకైతది? నేను ఎవ్వలకు చెప్పలే. ఈడ ఇంతమంది మనోళ్లున్నరు. ఒక్కన్ని గూడ అడగలే. శరమైంది." అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నువ్వు అడిగినవు. అది చూసి నాకు కడుపుల మండింది. నీ మీద కాదు."

నీ తప్పు లేదన్నా అబద్ధంలా ఉంటుంది, ఉందనడానికి నోరు రాదు. ఓదెమ్మ కంచం తీసి అన్నం పెట్టింది. అతను కూర్చుని నెమ్మదిగా తిన్నాడు. రెండోసారి పప్పు వేస్తే వద్దనలేదు.

తిన్నాక లేచి, మూలన గుట్టగా పడి ఉన్న అంట్ల వైపు చూశాడు. గోడకు ఆనుకుని కూర్చున్న ఓదెమ్మ కళ్లు మూతలు పడుతున్నాయి.

"జర పండుకో చెల్లె. నేను తోముత," అంటూ లక్ష్మీనర్సయ్య చొక్కా చేతులు పైకి మడిచాడు.

మగవాడి చేత అంట్లు తోమించడమేమిటని మామూలుగానైతే లేచేది. ఆ రోజు వద్దనే ఓపిక కూడా ఆమెకు లేకపోయింది.